కొరివికారానికో పెట్టె

పోయిన ఏడాది మా బావమరిది కూతురి ఓణీల వేడుకకు బెంగళూరు వెళ్లినప్పుడు, విమానం పొట్టలో వేసిన మా సూట్‌కేసులో కొరివికారం సీసా పగిలింది. పండుమిరపకాయలు, చింతపండు, ఇంగువ పోపు వేసిన నూనె, అన్నీ కలిసి నా పట్టుపంచెలోకి ఇంకిపోయాయి. వేడుకలో "బావగారి పంచెకు ఎర్రంచు భలే ఉంది" అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ అంచు అసలు రంగు ఆకుపచ్చ.

ఈ ఏడాది అదే బావమరిది గృహప్రవేశం. అమ్మ మళ్లీ కారం నూరింది. "గాజు సీసా బదులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, సరిపోతుంది" అంది మా ఆవిడ. సమస్యను ఇంత చిన్నదిగా చూడటం నాకు మొదటినుంచీ నచ్చదు. డబ్బా మారిస్తే చాలదు, అది నా కళ్ల ముందే, నా నెత్తి మీది అరలోనే ప్రయాణం చేయాలి. అంటే క్యాబిన్ పెట్టె కొనాలి. ఆ మాట అన్న రోజునుంచి నాలుగు వారాలపాటు మా ఇంట్లో వేరే సంభాషణ లేదు.

మన దేశంలో తిరిగే చాలా విమానాల్లో చేతిపెట్టె ఏడు కిలోలు దాటకూడదు. కొలతలు 55, 35, 25 సెంటీమీటర్లు. మూడూ కలిపితే 115. ఈ అంకెలను సంధ్యావందనంలా రోజూ వల్లె వేసుకుని, జేబులో టైలరు టేపు పెట్టుకుని బీసెంట్ రోడ్డు మీద పడ్డాను.

మొదటి దుకాణంలో కుర్రాడు ఏ పెట్టె చూపించినా "క్యాబిన్ సైజే సార్" అన్నాడు. ఇరవై అంగుళాలదీ క్యాబిన్ సైజే, ఇరవై రెండు అంగుళాలదీ క్యాబిన్ సైజే. ఇంకాసేపు ఉంటే బీరువాను కూడా అలాగే చూపించేవాడేమో. నేను టేపు తీయగానే అతని ముఖంలో నవ్వు తగ్గింది. ఇరవై అంగుళాలంటే 51 సెంటీమీటర్లే కదా, ధైర్యంగా కొలిచాను. 56 వచ్చింది. మళ్లీ కొలిచాను. మళ్లీ అంతే. "అది డొక్క కొలత సార్, చక్రాలు లెక్కలోకి రావు" అన్నాడు. విమానంవాళ్ల లెక్కలో మాత్రం చక్రాలూ వస్తాయి, పైన పిడీ వస్తుంది. మరి చక్రాలు విప్పేసి ఎక్కమంటారా?

నాకు ఈ చక్రాల మీదే కోపం. మా నాన్న రేకుపెట్టెకు చక్రాలుండేవా? మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. పెట్టెకు చక్రాలు తగిలించి బెర్నార్డ్ శాడో అనే అమెరికా ఆయన పేటెంటు పుచ్చుకున్నది 1972లో. చంద్రుడిదాకా చక్రాల పెట్టె లేకుండానే వెళ్లివచ్చిన జాతి, బెంగళూరు వెళ్లలేదా? ఈ ప్రశ్న దుకాణంలోనే అడిగాను. కుర్రాడు సమాధానంగా చెప్పులు విడిచి పెట్టె మీదకెక్కి నిలబడ్డాడు. "పాలీకార్బొనేట్ సార్, చూడండి, సొట్ట పడదు" అంటూ రెండుసార్లు గెంతాడు. నిజంగానే మూత లోపలికి కుంగి, అతను దిగగానే 'టక్' మని పైకి లేచింది. నా పక్కన నిలబడ్డ మా ఆవిడ, ఆ పెట్టె కంటే ఆ కుర్రాడి కాళ్ల కోసం ఎక్కువ భయపడింది.

కొలత సరిపోయిన పెట్టె ఆరో దుకాణంలో దొరికింది. చక్రాలతో సహా సరిగ్గా 55. ఇక బరువు చూడాలి. పెట్టె ఎంత తేలికైతే కారానికి అంత చోటు. అందుకని వీధిలో పాత పేపర్లు కొనే అతన్ని బతిమాలి స్ప్రింగు త్రాసు అడిగి తెచ్చుకున్నాను. కొక్కేనికి పెట్టె తగిలించి, చేయి పైకెత్తి, గుడ్లప్పగించి చూశాను. రెండు కిలోలు. సంతోషంతో బేరం కూడా ఆడకుండా కొన్నాను.

ఇంటికి తెచ్చి మా అబ్బాయి మిషను మీద పెడితే మూడు కిలోల రెండు వందలు. అప్పుడు వెలిగింది. పాత పేపర్ల అతని త్రాసు ఎన్నో ఏళ్లుగా ఎంత బరువు వేసినా తక్కువే చూపించడం నేర్చుకుంది. నేను దాని మీద పదేళ్లుగా పేపర్లు అమ్ముతున్నాను, ఆ మాట వేరే.

ఏడులో మూడుంబావు పెట్టె తినేసింది. డబ్బాతో కలిపి కారం రెండు కిలోలు. మిగిలిన దాంట్లో నా జీవితం ఇమడాలి. పంచె, రెండు చొక్కాలు, మందులు, ఫోనుకు పవర్ బ్యాంకు. తువ్వాలు తీసేశాను. "మా తమ్ముడింట్లో తువ్వాలు ఉంటుంది, కారం కూడా ఉంటుంది" అంది మా ఆవిడ. రెండో మాట విననట్టు ఊరుకున్నాను. ఆవిడ మాత్రం ఏదీ కొలవలేదు. ఎప్పుడో నగల దుకాణంవాళ్లు ఊరికే ఇచ్చిన జిప్పు సంచిలో పట్టుచీర, జాకెట్టు, పసుపు కుంకుమలు కుక్కి, పావుగంటలో తయారైపోయింది.

తాళానికి మూడంకెల నంబరు పెట్టుకోమంటే, వేరే ఏముంటుంది, 115 పెట్టాను.

గన్నవరంలో ఎవరూ పెట్టె కొలవలేదు. ఇది నన్ను కొంచెం బాధపెట్టింది. బరువు తూస్తారేమోనని కౌంటరు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాను కూడా. బోర్డింగ్ పాసు ముందే ఫోనులోకి వచ్చేసింది కాబట్టి ఎవరికీ నా అవసరం లేకపోయింది. తిన్నగా భద్రతా తనిఖీకి వెళ్లాం. నగల దుకాణం సంచి ఎక్స్‌రే పెట్టెలోంచి ఇవతలికి వచ్చింది. నా పెట్టె రాలేదు. కాసేపటికి వచ్చింది గాని, పక్క వరుసలోకి వెళ్లింది.

"ఖోలియే" అన్నాడు అక్కడి యువకుడు. గర్వంగా 115 తిప్పాను. అతను కొలతలు చూడలేదు, చక్రాలు చూడలేదు, పాలీకార్బొనేట్ వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా డబ్బా ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు.

"మిర్చీ కా అచార్?"

అచార్ అంటే పచ్చడి. పచ్చళ్లకు ఏదో అభ్యంతరం ఉన్నట్టుంది, ఇది పచ్చడి కాదని తేలిస్తే సరిపోతుందని నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "నహీ, అచార్ నహీ. యే కారం హై" అన్నాను. అతనికి అర్థం కాక, తెలుగు తెలిసిన ఉద్యోగిని పిలిచాడు. ఆ అమ్మాయి డబ్బా చూసి, నన్ను చూసి, చాలా మర్యాదగా చెప్పింది.

"సార్, మిరపకాయ పచ్చడి క్యాబిన్‌లోకి కుదరదు. కారమైతే అసలు కుదరదు."

మిరపను కళ్లలో కొడితే ఆయుధమే కదా. మా అమ్మ నూరినదాని సంగతి నాకు స్వయంగా తెలుసు కాబట్టి వాదించలేకపోయాను. నాలుగు వారాలు పెట్టె పొడవు, వెడల్పు, మందం, బరువు విచారించాను గాని, ఏ వస్తువు కోసం పెట్టె కొంటున్నానో దాన్ని లోపలికి రానిస్తారా అని ఒక్కరిని అడిగితే ఒట్టు.

"ఇక్కడే వదిలేయండి, లేదా వెనక్కి వెళ్లి లగేజీలో వేయండి" అన్నారు. అమ్మ నూరిన కారాన్ని వదిలేసి ఏ ముఖంతో ఇంటికి వెళ్లను? కౌంటరు మూసేయడానికి పది నిమిషాలుంది. పెట్టెను ఈడ్చుకుంటూ పరుగెత్తాను. చక్రాలు అప్పుడు మాత్రం బాగా పనికొచ్చాయని ఒప్పుకుంటున్నాను. కౌంటరు అమ్మాయి "పవర్ బ్యాంకు ఉంటే తీసేయండి, లగేజీలో వేయకూడదు" అంది. తీశాను. పెట్టె బెల్టు మీద పడుకుంది. ఆరు కిలోల తొమ్మిది వందలని అంకెలు వెలిగాయి. నా తూకం అంత కచ్చితంగా ఉన్నందుకు మెచ్చుకునేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేరు. రబ్బరు తెరలు తోసుకుని పెట్టె విమానం పొట్టలోకి వెళ్లిపోయింది.

పవర్ బ్యాంకు ఒక చేత్తో, టైలరు టేపు ఇంకో చేత్తో పట్టుకుని విమానమెక్కాను. నా నెత్తి మీది అర ఖాళీగా ఉంది. ఎయిర్ హోస్టెస్ వచ్చి "పైన పెట్టడానికి ఏమైనా ఉందా సార్?" అని అడిగింది. మా ఆవిడ కిటికీలోంచి మబ్బులు చూస్తోంది. విమానం ఇంకా నేల మీదే ఉంది, అప్పటికి మబ్బులేమీ లేవు.

బెంగళూరులో బెల్టు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాం. ఒకేలాంటి నీలం పెట్టెలు ఏడు వచ్చాయి. ఎనిమిదోది మాది. డబ్బా చెక్కుచెదరలేదు, పంచె ఆకుపచ్చ అంచుతో పదిలంగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది వేడివేడి అన్నంలో కొరివికారం కలుపుకుంటూ, మూలనున్న పెట్టెను పరీక్షగా చూశాడు.

"బావగారూ, పెట్టె ముచ్చటగా ఉంది. ఇంత చిన్నదాన్ని చేతిలోనే తెచ్చుకోవచ్చు కదా, అనవసరంగా లగేజీలో వేసి బెల్టు దగ్గర కాచుకోవడం ఎందుకు?"

నేను ఇంకాస్త నెయ్యి వడ్డించమన్నాను.