కనుక, రైతు సోదరులారా!

ఆకు కషాయంతో, వెల్లుల్లి రసంతో పంట తెగుళ్లు తరిమేయవచ్చని ఇంకో పరిశోధన పత్రం వచ్చింది. చివరి వాక్యం మీకూ కంఠతా వచ్చే ఉంటుంది: కనుక రైతులు దీన్ని వాడుకోవచ్చు. ఆ 'కనుక'కు సాష్టాంగ నమస్కారం. ఆంజనేయుడు సముద్రం దాటేటప్పుడు కూడా కాసేపు ఆగమని మైనాకుడు అడిగాడు. ఇది మాత్రం ప్రయోగశాల గాజు పళ్లెంలోంచి ఒక్క గెంతులో పొలంలో పడింది.

ఆ పళ్లెంలో తెగులు తెచ్చే బూజుకు, అంటే శిలీంధ్రం గారికి జరిగే మర్యాదలు చూడాలి. బంగాళాదుంప రసం, చక్కెర, గడ్డకట్టించే అగార్ కాచి పోసిన మెత్తని పరుపు. ఎండ లేదు, వాన లేదు, పోటీకి ఇంకో సూక్ష్మజీవి లేదు. ఆ పరుపులోనే ముందుగా వెల్లుల్లి రసం కలిపేసి, 5 మిల్లీమీటర్ల బూజు బిళ్లను నడిమధ్య కూర్చోబెడతారు. పాపం, ఎటు పాకినా వెల్లుల్లే, పైన మూత. వారం పోయాక స్కేలు దిగుతుంది. ఉత్త పళ్లెంలో 90 మిల్లీమీటర్లు పాకింది, రసం పళ్లెంలో 27 దగ్గర ఆగింది అనుకోండి. 70 శాతం నిరోధం! బూజు చచ్చిందా, కునుకు తీసిందా? బిళ్లను మంచి పళ్లెంలోకి మార్చి చూస్తే తెలిసేది. స్కేలుకు అంత తీరిక ఎక్కడిది!

ఇక పొలం. 20 శాతం కషాయం, ఎకరానికి 200 లీటర్లు అంటే ఒక్క విడతకు 40 కిలోల ఆకు. కోయాలి, రుబ్బాలి, గుడ్డలో పిండాలి. ఎంత వడగట్టినా ఒక పీచు నాజిల్‌లో ఇరుక్కుంటుంది. ఆ పీచు ఊసు ఏ పత్రంలోనూ లేదు. దాన్ని పిన్నీసుతో పీకుతుండగానే మబ్బు పడుతుంది. ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే చాలా శిలీంధ్రాల బీజాలు మొలకెత్తుతాయి. అంటే కషాయం కావాల్సిన రోజే అది వానకు కొట్టుకుపోయే రోజు. పైగా వెల్లుల్లిలో బూజును అడ్డుకునే అల్లిసిన్ అనే పదార్థం దంచినప్పుడు పుట్టి, నిలవుంచేకొద్దీ తగ్గిపోతుంది.

మొక్కల మీద నాకేం పగ లేదు. జెయింట్ నాట్‌వీడ్ అనే మొక్క సారం పంట మొక్కలో నిద్రపోతున్న రక్షణను లేపుతుంది. బూడిద తెగులు రాకముందే కొట్టాలి. పళ్లెంలో మొక్కే ఉండదు కాబట్టి ఈ సంగతి స్కేలుకు ఏనాటికీ తెలియదు.

నాకు మండేది వేరే. రాసినవాళ్లకు ప్రమోషన్. నమ్మి కొట్టినవాడు పది రోజులు ఎదురుచూస్తాడు, ఈలోగా మచ్చ ఆకు దాటి కాండం పట్టేస్తుంది. అడిగితే మోతాదు సరిగ్గా వాడి ఉండరంటారు. ఏ మోతాదయ్యా? మీరు ఒక్క మడిలోనైనా కొట్టారా? పక్కన ఏమీ కొట్టని మడి వదిలారా? దిగుబడి తూచారా? రెండు పంటకాలాలు బురదలో నిలబడే ఓపిక లేనివాళ్లకు ఆ 'కనుక' రాసే హక్కు ఎవరిచ్చారు?

పత్రం చివర చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: క్షేత్రస్థాయిలో మరిన్ని ప్రయోగాలు అవసరం. ఆ ప్రయోగం నమ్మి కొట్టిన రైతే సొంత ఖర్చుతో చేసేశాడు. ఫలితం కళ్లంలో ఉంది. స్కేలు తీసుకుని రండి.