స్కాన్ నార్మల్ వస్తే పిల్లాడికి ఏమీ లేనట్టేనా?

"పిల్లలున్న ప్రతి ఒక్కరూ చదవండి" అంటూ ఒక మెసేజి మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: చిన్నపిల్లల్లో ఉలికిపాటు, వణుకు, మాట ఆలస్యం మామూలే. ఎమ్మారై తీయించండి, నార్మల్ వస్తే మెదడు బాగున్నట్టే. ఆ తర్వాత కూడా ఈఈజీ (తల మీద తీగలు పెట్టి మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష), జన్యు పరీక్ష అని తిప్పేది డబ్బు కోసమే. మేనరికం కానివాళ్లకు జన్యు జబ్బులు రావు. జబ్బు పేరు తెలిసినా మందు ఉండదు. రెండు మూడేళ్లు ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయి.

మా బాబుకు ఆరేళ్లు. ఐదో నెల నిండినప్పటి నుంచి వాడి జబ్బుకు అసలు కారణం వెతుకుతూనే ఉన్నాం. అందుకే ఈ మెసేజి చూసి ఊరుకోలేకపోయాను.

ముందు ఎమ్మారై సంగతి. అది మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. గడ్డ ఉందా, నీరు చేరిందా, ఏ భాగమైనా దెబ్బతిందా అని చెబుతుంది. ఆ మెదడు ఎలా పనిచేస్తోందో చాలాసార్లు చెప్పలేదు. గ్లట్1 లోపం అనే జబ్బు ఉంది. రక్తంలోని గ్లూకోజును మెదడుకు చేర్చే ప్రోటీన్ సరిగా పనిచేయదు. పిల్లలకు ఫిట్స్ వస్తాయి, నడక తడబడుతుంది, పరగడుపున ఇబ్బంది ఎక్కువవుతుంది. స్కాన్ మాత్రం చాలామందిలో మామూలుగానే ఉంటుంది. వెన్నులోంచి నీరు తీసి అందులో గ్లూకోజు చూస్తే అనుమానం బలపడుతుంది. కొవ్వు బాగా పెంచి, పిండిపదార్థాలు బాగా తగ్గించే కీటోజెనిక్ ఆహారమే దానికి ముఖ్యమైన వైద్యం.

ఇంకొకటి, నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి నిద్ర మాని, తనలో తాను మాట్లాడుకుంటూ, మూతి, చేతులు వింతగా తిప్పడం. మన ఊళ్లలో దీన్ని గాలి సోకిందంటారు. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్‌లో ఇలాగే ఉంటుంది. దీన్ని 2007లో గుర్తించారు. ఇందులోనూ ఎమ్మారై తరచూ నార్మలే. త్వరగా కనిపెట్టి వైద్యం మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. తాయెత్తు కట్టించి కూర్చుంటే ఆ సమయం పోతుంది.

ఈఈజీకీ హద్దులున్నాయి. అరగంట తీసిన ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. నిద్రలో తీస్తే బయటపడేవి ఉంటాయి.

"ఓపిక పట్టండి" అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అన్నప్రాసనకు పది రోజుల ముందు మా వాడికి మొదలైంది. నిద్ర లేవగానే రెండు చేతులూ ఒక్కసారి పైకి విసిరి, తల ముందుకు వాల్చేవాడు. ఒక్క క్షణమే. కొన్ని సెకన్లకు మళ్లీ. అలా వరసగా పది, పదిహేను. అయ్యాక ఏడ్చేవాడు. ఉలికిపాటని, దిష్టి అని ఇంట్లో అన్నారు. చూపించిన డాక్టరు కడుపునొప్పి చుక్కలు రాశారు. నెలన్నర గడిచింది. ఆలోగా వాడు నవ్వడం మానేశాడు.

వాటిని ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అంటారు. 1841లో ఇంగ్లండు డాక్టరు విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కొడుకులోనే వీటిని చూసి, ద లాన్సెట్ పత్రికకు లేఖ రాశారు. ఇప్పుడు వీటికి ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, వైగాబాట్రిన్ అనే ఫిట్స్ మందు ఉన్నాయి. అవి ఎంత త్వరగా మొదలైతే పిల్లల ఎదుగుదలకు అంత మంచిది. ఇక్కడ లెక్క వారాల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు.

మాట ఆలస్యమైతే వసకొమ్ము అరగదీసి నాకించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆలస్యంగా మాట్లాడి, తర్వాత చక్కగా ఎదిగే పిల్లలూ ఉన్నారు, కాదనను. కానీ మాట రాకపోవడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. 'అత్తా', 'తాతా' అన్న పిల్ల అనడం మానేసినా, బోర్లాపడే పిల్లాడు పడటం ఆపేసినా ఒక్క వారం కూడా ఆగకూడదు.

వణుకు సంగతి కూడా చెప్పాలి. తల్లికి బి12 తక్కువగా ఉండి, బిడ్డ తల్లిపాల మీదే ఉంటే, కొందరు పసివాళ్లకు చేతులు, తల వణుకుతాయి. జుట్టు పలచబడుతుంది, చర్మం నల్లబడుతుంది, నేర్చినవి మరిచిపోతారు. నిద్రలో వణుకు ఆగిపోతుంది. దీనికి వైద్యం ఒక విటమిన్!

మేనరికం మాట సగమే నిజం. దగ్గరి సంబంధాల్లో, ఇద్దరూ ఒకే లోపమున్న జన్యువును మోస్తూ అది బిడ్డకు రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ రెట్ సిండ్రోమ్ (నేర్చిన మాట, చేతి పనులు పోయే జబ్బు), డ్రావె సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే మొండి ఫిట్స్ జబ్బు) లాంటివి ఎక్కువగా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు వల్లే వస్తాయి. మాది మేనరికం కాదు. "మీ రెండు వంశాల్లో ఎవరికీ లేదు కదా" అని ఎంతమంది అడిగారో. ఆ ప్రశ్న తల్లికి ఎంత గుచ్చుకుంటుందో అడిగేవాళ్లకు తెలియదు.

పేరు తెలిసి ఏం లాభం అంటారా? బయోటిన్ అనే విటమిన్‌ను ఒళ్లు సరిగా వాడుకోలేని బయోటినిడేజ్ లోపమైతే బయోటిన్ మాత్ర రోజూ వేయాలి, ఫిట్స్ ఆగుతాయి. బడిలో చేతిరాత పాడై, మాట ముద్దగా మారిన పిల్లాడికి విల్సన్ జబ్బని తేలితే ఒంట్లో పేరుకున్న రాగిని తీసే మందులున్నాయి. డ్రావె అని తేలితే ఏ మందులు ఇవ్వకూడదో తెలుస్తుంది. ఫిట్స్‌కు మామూలుగా రాసే కార్బమజపైన్ ఆ పిల్లలకు ఫిట్స్ పెంచుతుంది. మందు లేని జబ్బైనా, తర్వాతి కాన్పులో ఏం చేయాలో ముందే ఆలోచించుకోవచ్చు.

డబ్బు విషయంలో ఆ మెసేజి రాసినవాళ్ల కోపం నాకూ అర్థమవుతుంది. మా చేత ఒకే స్కాన్ మూడు చోట్ల తీయించారు. ఇప్పుడు ఏ పరీక్ష రాసినా, "దీని ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏం మారుతుంది డాక్టర్‌గారూ?" అని అడుగుతాను. మంచి డాక్టరు విసుక్కోకుండా చెబుతారు. జన్యువుల్లోని ముఖ్యమైన భాగాలన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష కూడా అందరికీ జవాబివ్వదు. మాకూ ఇవ్వలేదు. కానీ కొత్త జన్యువుల గురించి తెలిసేకొద్దీ అదే డేటాను ఒకటి రెండేళ్లకోసారి మళ్లీ చూడమని అడగవచ్చు.

ఖర్చు భరించలేనివాళ్లకు దారులు లేకపోలేదు. ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం) కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ పథకం వైద్య బృందమే జిల్లాలోని డైక్‌కు (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి వైద్యం చేసే కేంద్రానికి) పంపుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా ఉన్నాయి. 2021 జాతీయ విధానం కింద, ఆ జాబితాలోని జబ్బులకు ఇలాంటి కేంద్రాల్లో 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది.

మెసేజి చివర ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టమని కూడా ఉంది. వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తండి.

నాకు ఆ మెసేజి పంపిన నలుగురిలో ఒకరి మనవరాలికి తొమ్మిది నెలలు. నిద్ర లేవగానే తల వాలుస్తోందట, ఈ మధ్య పాకడం కూడా తగ్గిందట. నిన్న రాత్రే ఫోన్ చేశాను. "పిన్నీ, రేపు తెల్లారగానే పాప లేచేటప్పుడు వీడియో తీసి, అది పట్టుకుని పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి" అన్నాను. పొద్దున్న పది గంటలకు వీడియో చూపించారు. మధ్యాహ్నమే ఈఈజీకి రాశారు.