ఒక మీటరు, మూడు వాటాలు

విజయవాడలో అద్దె ఇల్లు వెతుక్కునే కుటుంబం టూలెట్ బోర్డు చూసి గేటు తీయగానే అడిగేవి మూడు ప్రశ్నలు. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి? మాటలన్నీ అయిపోయి తాళం చేతికిచ్చే వేళకు ఇంటావిడ ఇంకో మాట చెబుతుంది. ‘కరెంటు యూనిట్‌కు పది రూపాయలమ్మా. మోటారుకు వేరే’. అప్పటికే పిల్లల బడి, ఆయన డ్యూటీకి వెళ్లే దారి అన్నీ కుదిరి ఉంటాయి కాబట్టి ఎవరైనా సరేనంటారు. ఆ పది రూపాయల బరువు తెలిసేది ఏప్రిల్, మే నెలల్లో. రాత్రి పదింటికి కూడా గోడలు వేడి కక్కే ఈ ఊళ్లో ఫ్యాన్ ఆపి ఎవరు పడుకోగలరు?

అద్దె ఇంట్లో కరెంటు బిల్లు ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు మా సమాధానం ఇది. వాడుకున్న కరెంటుకు, విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర ప్రకారం, వాడుకున్నవారు కట్టాలి. మీటరు, వైరింగ్, డిపాజిట్, పాత బాకీలు ఇంటి యజమాని చూసుకోవాలి. వినడానికి ఇందులో కొత్తేమీ లేదు. కానీ చిట్టినగర్ కొండ మెట్ల మీది ఇళ్ల నుంచి పాయకాపురం మేడల దాకా, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చదువుకోవడానికొచ్చిన పిల్లలుండే గదుల దాకా చాలాచోట్ల ఇది తలకిందులుగా నడుస్తోంది.

లెక్క చూద్దాం. 2022లో సవరించిన గృహ వినియోగ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. అక్కడి నుంచి 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. నెలకు 120 యూనిట్లు కాల్చే కుటుంబానికి సొంత మీటరు ఉంటే విద్యుత్ ఛార్జీ రూ.394.50 అవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం, సర్దుబాట్లు దీనికి అదనం. ఇలాంటి మూడు కుటుంబాలు మూడు మీటర్ల మీద ఉంటే మొత్తం రూ.1,183.50. అదే మూడు కుటుంబాలను ఒకే మీటరు కిందికి తెస్తే 360 యూనిట్లకు రూ.2,198.25. ఎవరూ ఒక్క యూనిట్ ఎక్కువ వాడలేదు, అయినా నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు అదనం. పేదవాడికి చవగ్గా అందాలని పెట్టిన కింది శ్లాబు అద్దెకుండే పేదవాడికి అందడం లేదు.

దీని మీద పది రూపాయల రేటు కూడా పడితే 120 యూనిట్లకు ఆ కుటుంబం కట్టేది రూ.1,200. సొంత మీటరు ఉంటే పడే విద్యుత్ ఛార్జీకి ఇది మూడు రెట్లు. ‘నాకే పై శ్లాబులో దాదాపు తొమ్మిది రూపాయలు పడుతోంది, నేనేం లాభం తీసుకోవడం లేదు’ అని ఇల్లుగలవారు నిజాయతీగానే అనుకోవచ్చు. కానీ ఆ రూ.8.75 పడేది 225 దాటిన యూనిట్లకే. 360 యూనిట్ల బిల్లును సగటు చూస్తే విద్యుత్ ఛార్జీ యూనిట్‌కు ఆరు రూపాయల పది పైసలు. మిగతా ఛార్జీలు ఎన్ని ఉంటే అన్నీ కలిపి, అసలు బిల్లు కాగితం ముందు పెట్టి, సబ్ మీటర్ల రీడింగ్ ప్రకారం పంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బిల్లు చూపించకుండా గుండుగుత్త రేటు చెప్పడమే తప్పు. లైసెన్సు లేకుండా కరెంటు వ్యాపారం చేయకూడదని విద్యుత్ చట్టం 2003లోని 12వ సెక్షన్ చెబుతోంది. అద్దె మీద ఆదాయం యజమాని హక్కు, అందులో వివాదం లేదు. కరెంటు మీద ఆదాయం మాత్రం ఆయన హక్కు కాదు.

ఉమ్మడి మీటరు వల్ల యజమాని కూడా నష్టపోతున్నాడు. రేషన్ కార్డుకూ, అనేక సంక్షేమ పథకాలకూ నెలకు 300 యూనిట్ల విద్యుత్ వాడకాన్ని పరిమితిగా పెట్టారు. 2025లో తల్లికి వందనం పథకం అర్హతల్లోనూ అది ఉంది. కింద తానుంటూ పైన రెండు రేకుల గదులు అద్దెకిచ్చుకుని బతికే చిన్న యజమాని, తన పేరున ఉన్న మీటరు 360 చూపిస్తే ఏమని రుజువు చేసుకోవాలి? కాల్చింది మూడు కుటుంబాలైనా లెక్కలో కనిపించేది ఆ ఒక్కరి ఆధార్ నంబరే. సచివాలయం చుట్టూ తిరిగి అర్జీలు పెట్టుకునేకన్నా ఎవరి వాటాకు వారి పేరున సర్వీసు తీసుకోనివ్వడం మేలు కాదా?

కరెంటు కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను తర్వాత వసూలు చేసే ఇంధన సర్దుబాటు ఛార్జీల గొడవ ఇంకా చిక్కు. 2022-23లో వాడిన కరెంటుకు సంబంధించిన సర్దుబాటు మొత్తాన్ని 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలిపి వసూలు చేశారు. ఆ రెండేళ్లలో అద్దె ఇళ్లలో ఎన్ని కుటుంబాలు మారి ఉంటాయి! నిరుడు దిగిన కుటుంబం, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన కుటుంబం కాల్చిన కరెంటుకు ఎందుకు కట్టాలి? న్యాయంగా అది సర్వీసు ఎవరి పేరున ఉందో వారి ఖాతాలోది. అయితే యజమాని అడిగే ప్రశ్న కూడా కాదనలేనిదే. వెళ్లిపోయినవారిని ఆయన మాత్రం ఎక్కడ వెతుకుతాడు? ఈ తగువును గేటు దగ్గరికి తెచ్చింది ఏళ్లు గడిచాక వసూలు చేసే పద్ధతి. సర్దుబాటు ఏదైనా అదే ఏడాదిలో, ఆ ఇంట్లో ఆ కుటుంబం ఉండగానే తేల్చాలని విద్యుత్ నియంత్రణ మండలిని, ప్రభుత్వాన్ని గట్టిగా కోరుతున్నాం.

అదనపు వినియోగ డిపాజిట్ సంగతి చాలామందికి తెలియదు. వాడకం పెరిగితే రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలంటూ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) అదనపు మొత్తం అడుగుతుంది. ఈ డబ్బు సర్వీసు యజమాని పేరునే జమ అవుతుంది. దానిపై బ్యాంకు రేటు ప్రకారం వడ్డీ కూడా ఇవ్వాలని విద్యుత్ చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. అంటే అది ఖర్చు కాదు, యజమాని పేరున ఉండే సొమ్ము. దాన్ని బిల్లులో భాగంగా భావించి అద్దెకున్నవారితో కట్టించడం, ఖాళీ చేసేటప్పుడు ఆ మాటే ఎత్తకపోవడం అన్యాయం. కట్టించుకుంటే అడ్వాన్స్‌తో పాటు తిరిగి ఇచ్చేయాలి.

మోటారు, మెట్ల లైటు కింది వాటా మీటరుకే కలిపి ఉండటం మరో బాధ. నాలుగు కుటుంబాల నీళ్ల ట్యాంకు నింపే కరెంటు ఒక్క కుటుంబం బిల్లులో పడుతుంది. పాత వైరింగ్‌లో లీకేజీ ఉంటే ఇంట్లో ఎవరూ లేని రోజుల్లో కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. బుడమేరు వరద 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. అలా నానిన గోడల్లోని వైరింగ్‌ను మార్చకుండా సున్నం కొట్టి మళ్లీ అద్దెకివ్వడం బిల్లుకే కాదు, ప్రాణాలకూ ముప్పు. గోడలోని తీగ యజమానిది. దాని మరమ్మతూ యజమానిదే.

పైన వేసే రేకుల గదుల గురించి కూడా చెప్పాలి. ఊళ్లో అందరికంటే తక్కువ సంపాదించేవారే ఎక్కువగా వాటిలో ఉంటారు. ఎండంతా రేకు మీద పడి గది పొయ్యిలా కాలుతుంటే ఫ్యాను, కూలరు రాత్రింబవళ్లు తిరగక తప్పదు. పైన తెల్ల సున్నం పూత, లోపల సీలింగ్ వేయించినా వేడి తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. అద్దెకున్నవారు మరొకరి కప్పు మీద ఆ ఖర్చు పెట్టలేరు. పెట్టాల్సింది ఇల్లుగలవారే.

వీటన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టేది ఫ్యూజు పీకేయడం. అద్దె ఆలస్యమైతే, ఇల్లు ఖాళీ చేయకపోతే, మాటా మాటా పెరిగితే సాయంత్రానికి ఆ వాటాలో చీకటి. పసిపిల్లలు, పరీక్షలకు చదివే పిల్లలు, మంచాన పడిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇలా చేయడానికి మనసెలా ఒప్పుతుంది? బిల్లు బాకీ ఉన్నా సరే, పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వనిదే డిస్కం కూడా కనెక్షన్ తీయకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. డిస్కంకే లేని అధికారం ఇంటి యజమానికి ఎక్కడిది? అద్దెదారుకు అందే సదుపాయాలను యజమాని ఆపకూడదని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనూ ఉండేది, 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనూ ఉంది. అద్దె బాకీకి అడ్వాన్స్ ఉంది, నోటీసు ఉంది, కోర్టు ఉంది.

ఇల్లుగలవారి కష్టం మాకు తెలియదని కాదు. పెన్షన్‌తో పాటు ఒక వాటా అద్దె మీదే బతికే రిటైర్డ్ ఉద్యోగులు ఈ రెండు నగరాల్లో ఎంతోమంది ఉన్నారు. మూడు నెలల బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను సర్దుకుపోయేవారూ ఉన్నారు. ఆ బాకీ చివరికి ఇంటి మీదికే వస్తుంది. పాత బాకీ తీరిస్తేనే కొత్త కనెక్షన్ అని డిస్కంలు షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో ఇచ్చిన తీర్పు కూడా స్పష్టం చేసింది. ఇంటి మీటరు మీద దుకాణం నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో పడే భారమూ ఉంది. అందుకే దిగేరోజు, వెళ్లేరోజు ఇద్దరూ కలిసి మీటరు రీడింగ్ ఫొటో తీసుకోవాలి. సర్వీసు నంబరును, ఎవరు ఏ ఛార్జీ కడతారన్న మాటను అద్దె ఒప్పందంలో రాసుకోవాలి. పదకొండు నెలల ఒప్పందం రాసుకునేవారు కూడా అద్దె, అడ్వాన్స్ రాసి కరెంటు దగ్గర మౌనంగా ఉండిపోతున్నారు. పాత బిల్లులు కట్టారో లేదో నెలకోసారి ఫోన్‌లో చూసుకునే వీలు యజమానికి ఇప్పుడు ఉంది. బాకీ మూడు నెలలు పేరుకునేదాకా ఆగాల్సిన పని లేదు.

డిస్కం చేయాల్సింది చాలా ఉంది. యజమాని గానీ, అందులో నివసించేవారు గానీ దరఖాస్తు చేస్తే నెల రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 43వ సెక్షన్ చెబుతోంది. యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదనీ, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే చూడాలనీ సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. ఈ తీర్పు సెక్షన్ ఆఫీసు కౌంటరు దాకా చేరాలి. ‘ఓనరు సంతకం పట్టుకురండి’ అని తిప్పి పంపే అలవాటు ఎక్కడున్నా మానాలి.

విజయవాడ కేంద్రంగా పనిచేస్తున్న డిస్కం సీపీడీసీఎల్ తన సెక్షన్ ఆఫీసులన్నింటిలో 43వ సెక్షన్, సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఈ రెండు విషయాలనూ తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాలి. యూనిట్‌కు ఇష్టమొచ్చిన రేటు వసూలు చేస్తున్నారనీ, ఫ్యూజు తీసేశారనీ విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసిన అద్దెదారును ‘అది మీ ఇద్దరి గొడవ’ అని వదిలేయకుండా ఆ ఇంటికి వేరే మీటరు పెట్టించే పని మొదలుపెట్టాలి. వాటా వాటాకు సర్వీసు కోరుతూ వచ్చే దరఖాస్తుల కోసం వార్డుల్లో శిబిరాలు పెట్టాలి. వరదలో మీటర్లు, వైరింగ్ మునిగిన సింగ్‌నగర్ నుంచే, వచ్చే ఎండాకాలం లోపు, అవి మొదలు కావాలి.