ఒక్క శాతం తేడా, 1,500 పౌండ్లు

ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాటు (కొన్నేళ్ల లీజు మీద మాత్రమే సొంతమైనది) ఉన్న మనవాళ్లు ముందు ఈ లెక్క చూడండి. లీజు పొడిగిస్తే 3 లక్షల పౌండ్లు పలికే ఫ్లాటు. లీజులో 70 ఏళ్లే మిగిలాయి. ఇంకో 90 ఏళ్లు కావాలంటే ఫ్రీహోల్డర్, అంటే లీజు ఇచ్చిన అసలు యజమాని, వేసే పెద్ద పద్దులు రెండు. 70 ఏళ్ల తర్వాత తన చేతికి రావాల్సిన ఫ్లాటుకు ఇప్పటి విలువ మొదటిది. ఏడాదికి 5 శాతం చొప్పున తగ్గిస్తూ వస్తే సుమారు 9,860 పౌండ్లు. రెండోది మ్యారేజ్ వాల్యూ, అంటే పొడిగింపు వల్ల పుట్టే లాభంలో సగం. లీజు 80 ఏళ్లకు మించి మిగిలుంటే ఈ రెండో పద్దే ఉండదు.

మొదటి పద్దు మీద ఇప్పుడు పెద్దగా గొడవల్లేవు. 2006లో స్పోర్టెల్లి కేసులో ల్యాండ్స్ ట్రిబ్యునల్ కొన్ని కేసులు కలిపి విని ఆ తగ్గింపు రేటు తేల్చేసింది. రిస్క్ లేని రాబడి 2.25, రిస్క్ ప్రీమియం 4.5, వీటిలోంచి ఇళ్ల ధరల నికర పెరుగుదల 2 తీసేస్తే 4.75. ఫ్లాట్లకు నిర్వహణ చిక్కుల కింద ఇంకో 0.25. మొత్తం 5. దాన్ని కదిలించాలంటే గట్టి సాక్ష్యం కావాలి. ఒకే ప్రశ్న వేల కేసుల్లో వచ్చే చోట ట్రిబ్యునల్ చేయాల్సిన పని ఇదే.

రెండో పద్దులో అలా తేల్చలేదు. 70 ఏళ్ల లీజు ఫ్లాటు విలువ, పొడవాటి లీజు విలువలో ఎంత శాతం? దీన్నే రిలేటివిటీ అంటారు. బయట జరిగే అమ్మకాల ధరల్లో పొడిగించుకునే హక్కు విలువ కలిసే ఉంటుంది. చట్టమేమో ఆ హక్కు లేదనుకుని లెక్కకట్టమంటుంది. లేని మార్కెట్‌కు సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే మీ సర్వేయర్ (విలువ కట్టే నిపుణుడు) మిగిలిన ఏళ్లను బట్టి ఆ శాతం చూపే ఒక గ్రాఫు తెస్తే అవతలి సర్వేయర్ ఇంకోటి తెస్తాడు. స్లోన్ స్టాన్లీ ఎస్టేట్ కేసులో లీజుదారుల వైపు గణాంక మోడల్ పెడితే 2016లో అప్పర్ ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2018లో అప్పీల్ కోర్టూ అదే మాట అంది.

మన ఫ్లాటుకు రిలేటివిటీ ఒక్క శాతం మారితే 3,000, అందులో మీ మీద పడేది 1,500 పౌండ్లు. రెండు శాతం కోసం నిపుణుడిని విచారణ దాకా తీసుకెళ్తే గెలిచినా మిగిలేది తక్కువ. ట్రిబ్యునల్ ఖర్చు మామూలుగా ఎవరిది వాళ్లదే. లీజు పొడిగించమని మీరిచ్చే నోటీసు దశలో ఫ్రీహోల్డర్ లాయరుకు, సర్వేయరుకు అయ్యే సమంజసమైన ఖర్చు కూడా మీదే. వందల ఫ్లాట్లున్న ఫ్రీహోల్డర్‌కు మాత్రం ఒక్క తీర్పు తర్వాతి బేరాలన్నిటికీ పనికొస్తుంది. ఇది సమానమైన పోరు కాదు. మ్యారేజ్ వాల్యూ తీసేస్తామని 2024 మేలో చట్టం చేసి, ఆ సెక్షన్ల అమలును వెనక్కి నెట్టడం ఇంకా అన్యాయం.

విలువ కట్టేది నోటీసు ఇచ్చిన తేదీకి. కాబట్టి 80 ఏళ్ల పైన ఉండగానే ఆ నోటీసు (సెక్షన్ 42 నోటీసు) వెళ్లాలి. దానికి ఫ్రీహోల్డర్ జవాబు, అంటే కౌంటర్ నోటీసు, వచ్చాక మొదటి రెండు నెలలు బేరానికే. కుదరకపోతే, కౌంటర్ నోటీసు నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడాలి. మాటలు నడుస్తున్నాయి కదా అని ఆ తేదీ దాటనిచ్చారో, నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్లీ ఇవ్వడానికి 12 నెలలు ఆగాలి. ఈలోగా లీజు ఇంకో ఏడాది తరుగుతుంది, అవతలివాళ్ల ఖర్చుల బిల్లు మాత్రం ఇంటికొస్తుంది.