బాగా కోడ్ రాస్తాడని మేనేజర్‌ని చేసేస్తారా?

మన ఐటీ కంపెనీల్లో ఒక పద్ధతి పాతుకుపోయింది. టీమ్‌లో ఎవరు బాగా కోడ్ రాస్తే వాళ్లని కొన్నేళ్లకి మేనేజర్‌ని చేసేస్తారు. ఇష్టమేనా అని అడగరు, ఎలా చేయాలో నేర్పరు. శుక్రవారం దాకా డేటాబేస్‌లతో కుస్తీ పట్టిన మనిషి సోమవారం నుంచి పదిమంది అప్రైజల్స్, లీవులు, అలకలు చూసుకోవాలి. వద్దంటే జీతం అక్కడే ఆగిపోతుంది. నెలనెలా ఇంటి ఈఎంఐ కట్టేవాడు వద్దని ఎలా అంటాడు?

మనుషుల్ని చూసుకోవడం పూర్తిగా వేరే పని. దానికి వేరే ఓపిక కావాలి, వేరే అభ్యాసం కావాలి.

గచ్చిబౌలిలో నేను పనిచేసిన ఒక టీమ్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి పేమెంట్స్ ఆగిపోయాయి. రెండేళ్ల అనుభవం ఉన్న ఒక అమ్మాయి సిస్టమ్‌లో ఏం జరిగిందో చూపించే లాగ్స్ తెరిచి, డేటాబేస్‌ని అడిగే ఏదో క్వెరీ దగ్గర కనెక్షన్లన్నీ ఇరుక్కుపోతున్నాయని దాదాపు పట్టేసింది. అంతలో కొత్తగా మేనేజర్ అయినాయన వచ్చి "ఇటివ్వమ్మా, లేటవుతుంది" అని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. పావుగంటలో సరిచేశాడు. క్లయింట్ ఆయన్ని మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. ఆ తర్వాత ఏ ఇష్యూ వచ్చినా ఆ అమ్మాయి లాగ్స్ తెరవడం మానేసి నేరుగా ఆయనకే ఫోన్ చేసేది. నిజానికి ఆయన చాలా మంచివాడు. తన చేత్తో చేసేయడం తప్ప టీమ్‌కి ఇంకోలా పనికిరావచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక మేనేజర్ ఒక్కొక్కరితో విడిగా కూర్చునే వన్ ఆన్ వన్ మీటింగులు. అందులోనూ టికెట్, అంటే అప్పగించిన పని, ఎంతవరకు వచ్చిందనే అడుగుతారు. అది పనుల లెక్క చూపించే జిరా టూల్‌లో కనబడుతూనే ఉంటుంది కదా! నాన్నకి డయాలసిస్ అన్నావు, సాయంత్రం కాల్స్ మార్చమంటావా అని అడగాల్సిన చోటు అది. అక్కడ అడగకపోతే రిజైన్ మెయిల్ వచ్చాకే తెలుస్తుంది.

అసలు మేనేజర్లే దండగ అనేవాళ్లూ ఉన్నారు. గూగుల్ 2002లో ఇంజినీరింగ్‌లో మేనేజర్లని తీసేసి చూసింది. ఖర్చుల బిల్లుల నుంచి ఇద్దరి మధ్య గొడవల దాకా అన్నీ కంపెనీ స్థాపించినవాళ్లలో ఒకడైన లారీ పేజ్ దగ్గరికే రావడంతో కొన్ని నెలలకే ఆ ప్రయోగం ముగిసింది. తర్వాత ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో, తమ దగ్గర మంచి మేనేజర్లు ఏం చేస్తున్నారో లెక్కలు తీశారు. 8 లక్షణాలు తేలాయి. మొదటిది మంచి కోచ్‌గా ఉండటం. టెక్నికల్ పట్టు కూడా ఉంది, కానీ చిట్టచివర. అది లేకపోతే టీమ్‌కి సరైన సలహా ఇవ్వలేరు కాబట్టి అదీ కావాలి. కానీ మనవాళ్లు ఆ ఎనిమిదోదాన్ని ఒక్కటే చూసి ప్రమోషన్ ఇచ్చేస్తున్నారు, మిగతా ఏడూ వాటంతట అవే వచ్చేస్తాయన్నట్టు.

మేనేజర్ అవకుండా సాఫ్ట్‌వేర్ డిజైన్ చేసే ఆర్కిటెక్ట్‌గానే ఉండిపోతానన్న వాళ్లకి మేనేజర్‌తో సమానంగా జీతం పెరగాలి. ఈ దారి చాలా కంపెనీల పాలసీలో రాసే ఉంటుంది, హైక్ దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. మేనేజర్ పని ఆరునెలలు చేసి, నాకు పడదన్నవాడు తలెత్తుకుని మళ్లీ కోడ్‌కి రాగలగాలి. ఈసారి ప్రమోషన్ లెటర్ చేతిలో పెట్టేముందు ఆ మనిషిని కూర్చోబెట్టి ఇష్టమేనా అని అడగండి. కాదంటే హైక్ తగ్గదని అదే మీటింగ్‌లో రాసివ్వండి.