కార్ల మధ్య వాకీటాకీ: చేతులు మారుతున్న ఒక సందేశానికి ఖండన

శ్రీశైలానికో అరకుకో రెండు మూడు కార్లలో కలిసి బయలుదేరేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదేపదే తిరుగుతోంది. "5 వాట్ల వాకీటాకీ జత కొనండి, 10 కిలోమీటర్ల దాకా మాట వినిపిస్తుంది, లైసెన్సు అక్కర్లేదు, ప్రైవసీ కోడ్ పెట్టుకుంటే మీ మాటలు ఇంకెవరికీ వినపడవు, ఇది ఫోన్ కాదు కాబట్టి బండి నడుపుతూ కూడా మాట్లాడుకోవచ్చు" అన్నది దాని సారాంశం. ఫోన్ సిగ్నల్ అందని అడవి దారిలో వాకీటాకీ నిజంగానే అక్కరకు వస్తుంది. అందుకే, ఈ మాటలు నమ్మి మనవాళ్లు డబ్బు పోగొట్టుకోవడం, పైగా తెలియకుండా చట్టాన్ని మీరడం చూస్తే బాధ కలుగుతోంది.

మొదటిది 10 కిలోమీటర్ల మాట. పెట్టె మీద అచ్చువేసే దూరం, నడుమ ఏ అడ్డూ లేకుండా ఎత్తైన చోట నిలబడిన ఇద్దరికి వర్తించేది. ఈ సెట్లు వాడే తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి కాబట్టి కొండ, దట్టమైన చెట్లు, ముందు వెళ్తున్న లారీ, చివరికి మన కారు ఇనుప ఒళ్లు కూడా వాటిని అడ్డుకుంటాయి. పోయిన కార్తీకంలో మేము మూడు కార్లలో, అర వాటు సెట్లతో శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు దాటాక తిన్నని రోడ్డు మీద కిలోమీటరు ఎడంలో కూడా మాట స్పష్టంగా వినిపించింది. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు ఘాట్ దిగుతుంటే మాత్రం, కేవలం రెండు మలుపుల ముందున్న మా బావగారి కారు నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. ఆ కారు లోయకు అవతలి వైపు ఎక్కి, మాకు ఎదురుగా కనిపించిన క్షణంలో, అంతకంటే ఎక్కువ దూరం నుంచి ఆయన గొంతు పక్కన కూర్చున్నట్టు పలికింది. మధ్యలో కొండ ఉందా లేదా అన్నదే తేడా.

5 వాట్లు అర వాటుకు పది రెట్లు కనుక దూరం కూడా పది రెట్లు పెరుగుతుందనుకోవడం సహజమే. కానీ అడ్డు లేని శూన్యంలో సైతం పది రెట్ల శక్తికి దూరం సుమారు 3 రెట్లే పెరుగుతుంది, నేలకు దగ్గరగా ఉన్న యాంటెన్నాల మధ్య 2 రెట్లు కూడా పెరగదు. చేతి సెట్లతో కార్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్లు అందితే బాగా అందినట్టే. అంతకు మించి ఎడం రానివ్వకుండా నడపడమే దానికి మందు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది లైసెన్సు అక్కర్లేదన్న మాట. 2018 అక్టోబరు నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల మధ్య, అర వాటుకు మించకుండా పనిచేసే వాకీటాకీలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, ఆ పరికరానికి కేంద్ర వైర్‌లెస్ విభాగం ఆమోదం కూడా ఉండాలి. సందేశంలో చెప్పిన 5 వాట్ల సెట్టు శక్తిలోనే ఈ హద్దు దాటేసింది. వాటిలో చాలావాటిని ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోవచ్చు, పొరపాటున పోలీసుల మాటల మధ్యలో మన పిల్లల కేరింతలు పడితే జవాబు చెప్పుకోవలసింది మనమే. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అన్నదీ భరోసా కాదు. అనుమతి లేని వాకీటాకీల అమ్మకంపై 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది.

మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయో అల్లుడో వస్తూ వస్తూ తెచ్చే వాకీటాకీ జత అక్కడి కుటుంబ రేడియో సేవకు చెందిన 462, 467 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. అక్కడ దానికి లైసెన్సు అవసరం లేదు, ఇక్కడ ఆ మినహాయింపు వర్తించదు. ప్రేమగా తెచ్చిందే అయినా దాన్ని బీరువాలోనే ఉంచండి. మిత్రుడికి హ్యామ్ లైసెన్సు (అభిరుచితో రేడియో నడిపేవారికి ఇచ్చే అనుమతి) ఉందన్న ధైర్యమూ చెల్లదు, అది పరీక్ష రాసి పొందిన మనిషికే గాని అతని వెనక కారులోని వారికి కాదు.

ప్రైవసీ కోడ్ విషయం చిన్నది. ఆ కోడ్ ఇతరుల మాటలు మన స్పీకరులో మోగకుండా ఆపుతుంది, మన మాటలకు తాళం వేయదు. అదే ఛానల్‌లో కోడ్ పెట్టుకోని ఎవరికైనా అన్నీ వినిపిస్తాయి. బస చేసే గది నంబరు, ఇంటికి తాళం వేసి వచ్చిన సంగతి అందులో చెప్పకండి.

ఇక ఫోన్ కాదు కాబట్టి నడుపుతూ మాట్లాడొచ్చన్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేత పట్టుకుని వాడే సమాచార సాధనాలన్నిటినీ ప్రస్తావిస్తుంది, ఫోన్‌ను మాత్రమే కాదు. బటన్ నొక్కకుండానే, గొంతు వినపడగానే సెట్టు దానంతటదే మాట పంపే సౌకర్యం ఉందంటారు గాని, కారులో అది హారన్‌కీ పాటకీ గాలి హోరుకీ కూడా తెరుచుకుంటుంది. అలా ఒక సెట్టు తెరిచి ఉన్నంతసేపూ మిగతా కార్లవాళ్లు అత్యవసరమైన మాట కూడా చెప్పలేరు. దాన్ని ఆపేసి, సెట్టును ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నవారి చేతికివ్వండి. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, "వెనక బండీ, ముందు గేదెలు అడ్డొచ్చాయి, నెమ్మదించండి" అని చెప్పి వదిలేస్తే చాలు.