బీరువా గారూ, మా పిల్లోళ్ళ బంతులు మీ కడుపులోనే ఉండాయంట

గౌరవనీయులైన ఇనుప బీరువా గారికి,
హెడ్మాస్టర్ రూము, కిటికీ పక్కన,
ఒకానొక ఎలిమెంటరీ స్కూలు, అనంతపురం.

అయ్యా,

ముందు మీ ఆరోగ్యం గురించి రెండు మాటలు. స్కూలు మొత్తానికి ఫిట్‌గా ఉండేది మీరొక్కరే సార్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటారు, ఒక్కసారి కూడా కుర్చీ అడగరు, నెత్తిన పాత ప్రశ్నపత్రాల కట్టలు, పనిచేయని ప్రింటరు, జెండా పండగకు కట్టగా మిగిలిన కాగితం తోరణాలు మోస్తానే ఉంటారు. సెల్లు చూడరు, చిరుతిండి తినరు. కడుపులో మాత్రం ఫుట్‌బాళ్ళు, స్కిప్పింగ్ తాళ్ళు, టెన్నికాయిట్ రింగులు, షటిల్ బ్యాట్లు అన్నీ మింగి అరిగించుకోకుండా పెట్టుకున్నారు. సార్ చాక్‌పీసుల డబ్బా కోసం మీ తలుపు తీసినప్పుడల్లా కిర్రుమని శబ్దం వస్తాది కదా, దానికి మూడో తరగతి పిల్లోళ్ళంతా ఒక్కసారి తలకాయలు తిప్పుతారంట. ఆ మెడ తిప్పుడే ఆ రోజుకు వాళ్ళ వ్యాయామం.

నేనెవరో చెప్పలేదు కదా. పేరెంట్స్ కమిటీ మెంబర్‌ని, మా పాప నాలుగో తరగతి. కమిటీ అంటే పెద్దగా ఏమీ లేదు లెండి, సంతకం పెట్టమంటే పెడతాం, టీ ఇస్తే తాగుతాం. ఈ మధ్య స్టాకు రిజిస్టర్ చూడాలని పిలిస్తే వచ్చినా, అప్పుడే మీ లోపలి దర్శనం అయింది. బంతులు కవర్లోనే ఉండాయి, రేటు చీటీ కూడా పీకలేదు. మా అవ్వ ట్రంకు పెట్టెలో పట్టుచీర ఇట్లే దాచేది, పెళ్ళికి కడదామని తీసేసరికి మడతల కాడ చిరిగిపోయి ఉండె. మీ ఫుట్‌బాల్ కూడా అంతే, ఒక్క తన్ను తినకుండానే ముసలిదైపోయింది, గాలి కొడదామంటే పంపు ఉంది గానీ దాని సూది లేదు. సూది రిజిస్టర్‌లో మాత్రం ఉంది, దాని ఎదురుగా టిక్కు కూడా ఉంది.

ఇవన్నీ ఊరికే వచ్చినవి కాదు సార్. సర్కారు బళ్ళకు కేంద్రం డబ్బులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఆట సామాన్లకని ఏడాదికి ప్రైమరీ స్కూలుకు 5,000, అప్పర్ ప్రైమరీకి 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల దాకా ఇయ్యాలని 2018లోనే రాసిపెట్టినారు. అంతకు ముందు 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాల, ప్రతి తరగతికీ కావాల్సిన ఆట సామాన్లు ఇయ్యాల అని ఉంది. ప్రతి తరగతికీ అన్నారు, ప్రతి బీరువాకీ అనలేదు. మీరు ఆ పేజీ చదివినట్టు లేరు, చదివే తీరిక మీకెట్లా ఉంటాది, కాపలా కాయాల కదా.

మా సార్‌ను నేనేమీ అనను. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు, అందులో ఒకరు ఎప్పుడూ ట్రైనింగులోనో యాప్‌లో ఫోటోలు ఎక్కించడంలోనో ఉంటారు. పిల్లోళ్ళకు బంతి ఇచ్చినారనుకోండి, అది కాంపౌండు దాటి సర్కారు కంపలో పడి పంచరైతే, రేపు ఇనస్పెక్షన్‌కు వచ్చినాయన బంతి యాడ అని అడిగితే ఈయన ఏం చెప్పాల? అదే బంతి మీలో కొత్తగా మెరుస్తాంటే "వెరీ గుడ్, బాగా మెయింటెయిన్ చేసినారు" అంటారు. అంటే ఆడించినోడికి మెమో, దాచినోడికి మెచ్చుకోలు. ఈ పద్ధతిలో ఎవరైనా మీ తాళమే నమ్ముకుంటారు, నేను హెడ్మాస్టర్ అయినా అంతే.

పీఈటీ సార్, అంటే ఆటలు నేర్పే వ్యాయామం టీచర్, ఉంటే కథ వేరే, కానీ పీఈటీలు హైస్కూళ్ళలో ఉంటారు. చట్టంలో కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులు ఉండి, పిల్లోళ్ళు వందకు పైగా ఉంటేనే వ్యాయామానికి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్. ఆ లెక్కన పదకొండేళ్ళు వచ్చేదాకా పిల్లోడికి తలకాయ మాత్రమే ఉంటాది, కాళ్ళూ చేతులూ ఆరో తరగతిలో మొలుస్తాయి.

టైంటేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉందండోయ్, లేదనడం పాపం. ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించినారు, అది గోడ మీద నుంచి దిగిందే లేదు. పరీక్షలొస్తే లెక్కలకు పోతాది, లేనప్పుడు హోంవర్క్ దిద్దుకోవడానికి పోతాది, అల్లరి చేస్తే "ఈ రోజు గేమ్స్ కట్" అని పోతాది. ఆ అల్లరి చేసేదే కదలక కూర్చోబెట్టినందుకు అన్న సంగతి ఎవరికీ తట్టదు. నాకు బాగా నవ్వొచ్చేది ఏందంటే మన బళ్ళలో వ్యాయామం ఎప్పుడూ శిక్షగానే ఉండింది, గుంజీలు తీయి, గ్రౌండు చుట్టూ పరిగెత్తు, ఎండలో నిలబడు. బుద్ధిగా ఉన్నోడికి బహుమానం ఏందంటే కూర్చోవడం. ఆ విద్యా హక్కు చట్టమే 17వ సెక్షన్‌లో పిల్లోళ్ళను శారీరకంగా శిక్షించకూడదు అని పెట్టింది, మంచి పనే, కానీ దాంతో మిగిలిన ఆ గుంజీలు కూడా పోయినాయి.

ఇదంతా ఏ ఊర్లో జరుగుతాందో చూడండి. మన అనంతపురంలో. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉన్న ఊరు, 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ వచ్చి పేదపిల్లలకు టెన్నిస్ బడి పెట్టిన ఊరు, 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరుగుతాంటే జనం ఎగబడి చూసిన ఊరు. ఆ ఆర్డీటీ గ్రౌండులోనే క్రికెట్ నేర్చుకున్న బారెడ్డి అనూష 2023లో ఇండియా జెర్సీ వేసుకునింది. పక్కన కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి 2025లో మహిళల వరల్డ్ కప్ గెలిచిన టీంలో బౌలింగ్ వేసింది. కప్పు గెలిచినారని మన స్కూల్లో అందరం చప్పట్లు కొట్టినాం, మిఠాయి పంచినాం, మీరు మాత్రం తెరుచుకోలేదు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తాండా, మీ తాళం వల్ల నిజంగా నష్టపోయేది వాళ్ళే. మగపిల్లోళ్ళకు మీరు అక్కరలేదు, సాయంత్రం వీధిలో టైరు దొరికినా, చిరిగిన టెన్నిస్ బంతి దొరికినా వాళ్ళు ఆడుకుంటారు. మా పాప ఇంటికొస్తే ట్యూషను, ఆ తర్వాత చీకటి, చీకటి పడినాక బయటికి పంపేంత ధైర్యం మాకు లేదు. ఇప్పుడు తొక్కుడుబిళ్ళ గీసుకోవాలన్నా వీధంతా సిమెంటు, బైకులు. ఆ పిల్ల ఒళ్ళు కదిలేదానికి దొరికే జాగా బడి ఒక్కటే, అక్కడ మీరుండారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలన్నా ఆయాసం వచ్చేలా కదలాలని, వారంలో 3 రోజులన్నా ఎముకలకు, కండరాలకు బలమిచ్చే గట్టి ఆటలు ఆడాలని చెప్తారు. దానికి జిమ్ము అక్కరలేదు, స్కిప్పింగు, ఖోఖో, కుంటాట చాలు, ఎగిరి దూకేవన్నీ ఎముకలకు మంచివే. ఇంకోటి, కళ్ళు. చిన్న వయసులోనే కళ్ళజోడు వచ్చే పిల్లోళ్ళు ఎక్కువవుతాండారని తైవాన్‌లో 2010 నుంచి బళ్ళలో పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు బయటి వెలుతురులో ఉంచే పని మొదలుపెట్టినారు, దాంతో దూరం కనపడని సమస్య అక్కడ తగ్గుముఖం పట్టింది. మనకు వెలుతురుకు కరువా? అనంతపురంలో దేనికైనా కరువు వస్తాది గానీ ఎండకు రాదు. పొద్దున ప్రేయర్ అయిపోయినాక అరగంట, సాయంత్రం బెల్లుకు ముందు అరగంట, ఒంటిపూట బడులప్పుడు పొద్దున్నే. ఆ 60 నిమిషాల లెక్కన్నా సరిపోయింది.

తిండి సంగతి మీ శాఖ కాదు, అయినా చెప్పాల. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది, రాగిజావ ఉంది, చెనిక్కాయ చిక్కి ఉంది, దానికి వంక పెట్టను. కానీ గేటు దాటితే అంగడి, అంగట్లో వేలాడే రంగురంగుల కారం ప్యాకెట్లు. ఉప్పు, చక్కెర, నూనె ఎక్కువున్నవి బడిలో గానీ బడికి 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదని 2020లోనే తిండి నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు పెట్టింది. మా గేటుకూ ఆ అంగడికీ మధ్య టేపు పెట్టే పని లేదు, గేటు పట్టుకునే ప్యాకెట్టు అందుకోవచ్చు. చెనిక్కాయ పండించే జిల్లాలో పిల్లోళ్ళు చెనిక్కాయలు వదిలి పామాయిల్‌లో వేయించిన మసాలా గాలి కొనుక్కుంటాండారు. తాళం వేయాల్సింది దానికి, పడిందేమో మీకు.

అవునూ, మీరు తెరుచుకునే రోజులు కూడా ఉండాయి, మరిచిపోయినా. జూన్ 21న యోగా అని చాపలు బయటికి వస్తాయి, ఆగస్టు 29న హాకీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు క్రీడా దినోత్సవం అని బ్యాట్లు, బంతులు వస్తాయి, పిల్లోళ్ళు చేతులు పైకెత్తుతారు, సార్ "అట్లే ఉండండి, అట్లే ఉండండి, కదలొద్దు" అంటాడు, ఎందుకంటే కదిలితే ఫోటో బ్లర్ అయితాది. ఫోటో అప్‌లోడ్ అయిన వెంటనే అన్నీ మళ్ళీ మీ కడుపులోకి. కదలొద్దు అని అరుస్తా జరిపే క్రీడా దినోత్సవం ఇంకే దేశంలో ఉంటాదో తెలిస్తే చెప్పండి.

సరే సార్, నా అర్జీ చిన్నదే. వచ్చే కమిటీ మీటింగులో తీర్మానం పెడతాండా. స్టాకు రిజిస్టర్‌లో "ఉన్నవి", "పోయినవి" అని రెండే గళ్ళు ఉండాయి, మూడో గడి గీయాల, దాని పేరు "ఆడి అరిగిపోయినవి". ఏడాది ఆఖరుకు ఆ గడి ఖాళీగా ఉంటే అప్పుడు సంజాయిషీ అడగాల, నిండుంటే సార్‌కు శాలువా కప్పాల, శాలువా ఖర్చు కమిటీది. మీ తాళం చెవి రోజూ ప్రేయర్ అయిన వెంటనే ఐదో తరగతి ఆడపిల్లల లీడర్ చేతికి పోవాల, సాయంత్రం తిరిగి రావాల. పంచర్ల బాధ్యత పేరెంట్స్‌ది, సంతకం నేనే పెడతా, ఎట్లాగూ మాకు తెలిసిన పని అదొక్కటే.

మీకు బరువు తగ్గుతాది, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
నాలుగో తరగతి పాప నాయన,
పేరెంట్స్ కమిటీ మెంబర్

తా.క.: మీ రెండో తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలీదని ఆఫీసులో అంటాండారు. బజార్లో డూప్లికేట్ చెవులు చేసే ఆయన నాకు బాగా తెలుసు, ఆదివారం కూడా వస్తాడంట.